గోడ వెంబడి దారి

“అన్యాయం ఎవరికి జరిగిందని అడుగుతున్నారా, ఆనందరావుగారూ? ఇక్కడ పడుకున్న ఈ పదకొండు మందికి జరిగింది. ఎలా జరిగిందంటారా? ఆ మహమ్మారి ఏడాది వీరు అంకెలు రాసిన సంచులలో వచ్చారు. పేర్లు రాలేదు. కన్నబిడ్డ ఒక్కరైనా వచ్చి పిడికెడు మన్ను వేయలేదు. తరువాత వచ్చిన వరద ఆ అంకెల పలకలను కూడా ఎత్తుకుపోయింది. ఇప్పుడు వీరి మీద మీరు దారి వేస్తారా?”

నాగమణమ్మ టీచర్ తన ప్లాస్టిక్ కుర్చీని ఆ పదకొండు మట్టిదిబ్బల నడుమనే వేయించుకొని కూర్చుంది. డెబ్బై ఆరేళ్ల ఆమెను అక్కడి నుంచి లేపగల మనిషి ఉప్పుగూడ సమాధుల తోటలో ఎవరూ లేరు.

సంఘం కార్యదర్శి ఆనందరావు నుదురు తుడుచుకున్నాడు. “టీచరమ్మా, రేపు సమాధుల పండుగ. ముసలోళ్లు వస్తరు, చక్రాల కుర్చీలు వస్తయి. వానకు అంత బురద. గట్టి జాగ గిదొక్కటే. ఐదేండ్ల సంది వీళ్ల కోసం ఎవరొచ్చిన్రు, మీరే చెప్పున్రి? ఎవడో ఒకడు ఆదివారం గేటుకాడ నిలబడి పోతడట, గంతే.”

“గోడ వెంబడి వేయండి.”

“గోడ పక్కపొంటి మెత్తటి నేల. ఏ బండి దింపినా కూరుకపోతది.”

వెనుక నేల చదునుచేసే బ్లేడు తగిలించిన పాత ట్రాక్టరుకు ఆనుకొని నిలబడిన సామ్యూల్ దాని డ్రైవరు. ఇప్పుడతడు గోడ దగ్గరికి నడిచి, వంగి, పిడికెడు మన్ను తీసి గట్టిగా నొక్కి వేళ్లు తెరిచాడు. మన్ను ముద్దగా అరచేతికి అంటుకుంది.

“రెండు గంటలు ఎండనియ్యాలె సార్. చేతికి అంటకుంట రాలితె బ్లేడ్ ఏయొచ్చు. గోడ ఎంబడే దారి తీస్తా.”

“ఐదు గంటలకల్లా కాకపోతె?”

“అయితది సార్.”

“కాకుంటె నీ బ్లేడ్ గీ దిబ్బల మీదికెళ్లే పోతది. ముందే చెప్తున్న, మల్ల లొల్లి వద్దు.”

నాగమణమ్మ కళ్లద్దాలు సరిచేసుకొని ఆ డ్రైవరును పరీక్షగా చూసింది. “నువ్వు ఆగమ్మ కొడుకువు కదూ? మా బడిలో గంట కొట్టే ఆగమ్మ?”

“అవునమ్మా.”

“నాలుగో ఎక్కం దగ్గర ఏడ్చేవాడివి.”

“ఏడో ఎక్కమమ్మా. నాలుగు నాకొచ్చు.”

ఆమె పెదవులు నవ్వుకు దగ్గరగా వచ్చి ఆగిపోయాయి. “మీ అమ్మ ఇప్పుడు ఎక్కడ ఉంది?”

“ఇక్కడ్నే ఉన్నదమ్మా.”

“ఉప్పుగూడలోనేనా! నేను సంతోష్‌నగర్ మారిన తరువాత ఆమె కబురే తెలియలేదు. ఒకసారి చూడాలి.”

“మస్తు ఖుషీ అయితదమ్మా,” అని సామ్యూల్ ట్రాక్టరు వైపు తిరిగాడు.

ఎండ పట్టాక పని మొదలైంది. ఆ ట్రాక్టరు వయసు ముప్పై అయిదేళ్లు. బ్లేడును ఎత్తిపట్టే లిఫ్టుకు పట్టు పోయి అది తనంతట తానే కిందికి జారుతుంది గనుక అతడు దానిని గొలుసుతో ఎత్తి కట్టాడు. అయినా తొలి విడతలోనే కుడి వెనుక చక్రం సగానికి దిగబడింది. ఆనందరావు గడియారం చూసుకున్నాడు. సామ్యూల్ ఇంజిను రొద పెంచలేదు. చక్రం కింద గోనెసంచులు, ఇటుక ముక్కలు కూరి, బండిని మెల్లగా బయటికి తెచ్చాడు. ఆ తరువాత బ్లేడు కోయకుండా నేలను అదిమేటట్లు దాని ముఖాన్ని వెనుకకు తిప్పి బిగించాడు. గేటు దగ్గరి పొడిమన్నును రెండు వేళ్ల మందాన పరుచుకుంటూ, పోయిన దారినే మళ్లీ మళ్లీ పోయాడు.

గోడకు, దిబ్బల వరుసకు మధ్య ట్రాక్టరు పట్టేంత జాగా మాత్రమే ఉంది. చక్రం ఒక్క దిబ్బ అంచును కూడా తాకలేదు. కానీ ప్రతి దిబ్బ దగ్గర బండి ఆగింది. అతడు దిగి, పిడికెడు మన్ను తీసి, నొక్కి, వేళ్లు తెరిచేవాడు. మన్ను పొడిగా దిబ్బ మీదికి రాలేది.

“మళ్లీ ఎందుకు దిగావు?” అని నాగమణమ్మ అడిగింది.

“మన్ను చూస్తున్నమ్మా.”

“గీ ఎక్కుడు దిగుడుకే ఐదైతది!” అని ఆనందరావు కేక వేశాడు.

పదకొండుసార్లు దిగాడు, ఆమె లెక్కపెట్టింది. చూసిన మన్నును చక్కబెట్టిన దారి మీద పారబోయకుండా పక్కకు రాల్చే ఆ శ్రద్ధ ఆమెకు నచ్చింది.

ఐదుకు పది నిమిషాలు ఉండగా ఇంజిను ఆగింది. ఆనందరావు ఖాళీ చక్రాల కుర్చీని గేటు నుంచి గోడ చివరిదాకా తోసుకుంటూ పోయి తిరిగి వచ్చాడు. చక్రాలు ఎక్కడా దిగలేదు.

“మీరు గెలిచిన్రు టీచరమ్మా,” అని అతడు చేతులు జోడించాడు. “గా దిబ్బలను ఇగ ఎవ్వరు ముట్టరు. రేపు వాటికి గూడ కొవ్వొత్తులు నేనే తెప్పిస్త.”

అతడు వెళ్లిపోయిన తరువాత నాగమణమ్మ ఎన్నో ఏళ్లుగా ఏ విద్యార్థికీ చెప్పని మాట చెప్పింది. “కృతజ్ఞురాలిని, సామ్యూల్.”

“నేను మీకు చెప్పాలమ్మా. మీరు కుర్చీ ఏస్కొని కూసోకుంటె గివి మిగిలేటివి కావు. నా బాకీ మొత్తం తీరింది.”

“పలక పట్టించినందుకా? అది నా విధి. నువ్వు నాకు ఏమీ బాకీ లేవు.”

సామ్యూల్ తల వంచుకున్నాడు.

ఆమె చేతికర్ర ఊతంతో లేచి, రెండడుగులు వేసి, అర్థం కాని లెక్క ఏదో మిగిలిపోయినట్లు వెనుదిరిగింది. “ఒక్క మాట. ఈ వరుస పొడవునా ఉన్నది ఒకే నేల కదా. ఒక్కచోట చూస్తే సరిపోయే మన్నును పదకొండు చోట్ల ఎందుకు చూశావు?”

అరచేతికి అంటిన మట్టిని అతడు దులుపుకోలేదు.

“మా అమ్మ ఏ దిబ్బల ఉన్నదో నాకు ఎర్క లేదమ్మా.”