రేకుమూత చప్పుడు

బూజు పట్టినవన్నీ పారేయగా, చనిపోయిన అక్క ఫ్లాపీల్లో మిగిలింది ఒక్కటే. ఇల్లు సద్దుమణిగాక చెల్లెలు పాత కంప్యూటర్ ముందు కూర్చుని దాన్ని డ్రైవులోకి తోసింది. అది గరగరమంటూ తిరిగింది. ఇది కూడా మొరాయిస్తే అక్క రాసుకున్న కథలన్నీ మట్టిలో కలిసినట్టే.

అక్కకొక పాడు అలవాటుండేది. ఏమీ తోచకపోతే ఫ్లాపీ అంచునుండే రేకుమూతను బొటనవేలితో లాగి వదిలేది. టక్, టక్. అమ్మ తల వాచేలా చీవాట్లు పెట్టినా మానేది కాదు.

గరగర ఆగింది. తెర మీద ఇంకా ఏమీ రాలేదు. ఆ నిశ్శబ్దంలో సరిగ్గా ఆమె వెనకనుంచి వినపడింది.

టక్, టక్.

రెండు చేతులూ కీబోర్డు మీదే ఉన్నాయి. ఉన్న ఒక్క ఫ్లాపీ డ్రైవులోనే ఉంది. వెనక్కి తిరుగుదామంటే మెడ మాట వినలేదు.

పక్కగదిలోంచి అమ్మ నిద్రగొంతుతో విసుక్కుంది. "అబ్బబ్బ, ఆ టకటక ఆపవే! ప్రాణం తోడేస్తోంది."

"నేను కాదమ్మా," అంది చెల్లెలు.

"నిన్ను కాదులేవే. నువ్వు పని కానివ్వు."

టకటక ఆగిపోయింది.