హాట్ ప్రెస్‌లో డ్రమ్ము

“ఇవాళ కూడా బుడగ లేదా?” అన్నాడు బ్రహ్మయ్య, ఫోను చెవికి నొక్కి పట్టుకుని.

“లేదంకుల్. మూడు రోజులైంది. చచ్చిందేమో,” అన్నాడు యోనా గుసగుసగా.

“శుభమా అని పొద్దున్నే ఆ మాటేంటోయ్! కాస్త గట్టిగా మాట్లాడు.”

“కృపావతి నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుందండీ. తెలిస్తే డ్రమ్ముతో పాటు నన్నూ బయట పెడుతుంది.”

బ్రహ్మయ్యకు నవ్వొచ్చింది, వెంటనే దిగులూ వచ్చింది. కృపావతి సంగతి ఆయనకు తెలుసు. ఆరేళ్ల క్రితం ఆ దంపతులు దేశం విడిచి కొత్తగా ఈ ఊరు, అత్లోన్, వచ్చినప్పుడు ఆయన మేడమీద గదిలోనే అద్దెకున్నారు. ఆమె నర్సు, ఆదివారం చర్చి తప్పని మనిషి. ఆయన కింద బీరు కాస్తుంటే పైన వాసన పోవాలని కిటికీలన్నీ బార్లా తెరిచేది. అలాంటి ఇల్లాలి మొగుడు ఇప్పుడు దూరాన శాండీఫోర్డ్ అపార్ట్‌మెంటులో దొంగచాటుగా బీరు పెట్టాడంటే, గురువుగా ఆయనకు గర్వమూ భయమూ రెండూను.

కరోనా లాక్‌డౌన్‌తో డెబ్భై దాటినవాళ్లు మళ్లీ ఇల్లు కదలకుండా ఉంటున్న రోజులవి. ఇంట్లో బీరు కాచే నలుగురు తెలుగువాళ్లు శనివారాలు వీడియోలో కలిసి, ఎవరి డ్రమ్ములో ఏముందో చెప్పుకునేవారు. షానన్ ఊళ్లో ఉండే త్రినాథ్ నల్లటి స్టౌట్ బీరు చూపిస్తే, బ్రహ్మయ్య తన ఎర్ర ఏల్ బీరు చూపించి మీసం దువ్వేవాడు. క్రిస్మస్ వెళ్లాక ఓ శనివారం త్రినాథ్, “జ్వరం చూసుకుంటున్నారా అంకుల్? ఊపిరి బాగా ఆడుతోందా?” అని అడిగాడు.

“నా బీరు సంగతి అడుగు, నా పాడె సంగతి కాదు,” అని బ్రహ్మయ్య కట్ చేసేశాడు. ఆ తర్వాత వారం రోజులు ఎవరి ఫోనూ ఎత్తలేదు. ఒంటరి మనిషికి పౌరుషమొకటి మంచి కాలక్షేపం.

అప్పుడొచ్చింది యోనా మెసేజ్. ‘అంకుల్, రహస్యంగా గోధుమ బీరు పెట్టాను. బుడగలు రావట్లేదు, పులవట్లేదేమో. కాపాడండి.’ దానికి మాత్రం ఆయనే ఫోన్ చేశాడు.

అప్పట్నుంచి రోజూ పదింటికి యోనా ఫోను. మొదటి డ్రమ్ము పులిసి వెనిగరైంది. ఇది రెండోది. ఇదీ పాడైతే విసుగొచ్చి మానేస్తాడు. మానేస్తే పదింటికి మోగే ఫోను ఉండదు. బ్రహ్మయ్య అసలు భయం అదే.

“మీది ఎలా ఉందో చెప్తే నాది ఎక్కడ తప్పిందో తెలుస్తుందంకుల్. ఒకసారి పైకెళ్తారా? ఫోను పెట్టేయకండి.”

రోజూ ఇదే వరస. వేడినీళ్ల ట్యాంకు ఉండే మేడమీది అలమారాలో, అదే హాట్ ప్రెస్‌లో, వెచ్చగా ఉంటుందని డ్రమ్ము అక్కడ పెట్టుకున్నాడాయన. ఇవాళ సగం మెట్లెక్కి గోడ పట్టుకున్నాడు.

“ఆగారేం అంకుల్?”

“నీ మోకాళ్లు కావుగా ఇవి!”

“మూతమీది గొట్టంలో బుడగలు పైకే లెక్కపెట్టండి. నేను టైము చూస్తా.”

“ఒకటి… రెండు… మూడు…” నిన్న గుక్క తిప్పుకోకుండా ఇరవై దాకా లెక్కపెట్టిన మనిషి, ఆరు దగ్గర దగ్గి ఆగిపోయాడు. “ఉండవోయ్, గొంతులో ఏదో అడ్డం పడింది.”

“సరే, మూత తీసి వాసన చూడండి.”

“రోజూ మూత తీయించి నాదీ పాడుచేస్తావు నువ్వు,” అని సణుగుతూనే తీశాడు. ముక్కు దగ్గరగా పెట్టాడు. ఇంకా లోపలికి వంగాడు. ఏమీ లేదు. నిన్నటిదాకా కాల్చిన బెల్లం వాసన గుప్పుమనేది.

“వాసన లేదోయ్. నాదీ చచ్చింది.”

అవతల ఏవో మాటలు వినిపించాయి.

“ఎవరది? కృపావతి లేచిందా?”

“లేచిందంకుల్. మీరు మెల్లగా కిందికొచ్చి వీధి తలుపు గడియ తీసి కూర్చోండి. నా డ్రమ్ము మీకే పంపేస్తున్నా. మనుషులొస్తారు.”

“లాక్‌డౌన్‌లో ఐదు కిలోమీటర్లు దాటితే పోలీసు గార్డులు ఆపరూ?”

“వీళ్లని ఆపరు.”

బ్రహ్మయ్య ఆయాసపడుతూనే హాల్లో డ్రమ్ముకి జాగా చేశాడు. అరగంటలో గుమ్మం ముందు అంబులెన్సు ఆగింది. యోనాని నోటికొచ్చినట్టు తిడుతుండగానే అంబులెన్సు వాళ్లు ఆయన వేలికి ఏదో తగిలించి చూసి, ముక్కుకి ఆక్సిజన్ పెట్టి ఆస్పత్రికి తీసుకుపోయారు. ఒక్క రోజు ఆలస్యమైతే తమ చేతుల్లో ఉండేది కాదని డాక్టరమ్మ తర్వాత చెప్పింది.

పద్దెనిమిది రోజులకు ఇల్లు చేరాడు. కోటు కూడా విప్పకుండా యోనాకి ఫోన్ చేశాడు.

“చెప్పండంకుల్,” అంది కృపావతి.

బ్రహ్మయ్య ఫోనులో నంబరు మళ్లీ చూసుకున్నాడు. “యోనా లేడా అమ్మా?”

“షాపుకెళ్లారండీ. ఊపిరెలా ఉంది? మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?”

“బానే ఉందమ్మా. వాడితో ఏదో చిన్న పని…”

“బీరు గురించేనా అంకుల్?”

వాడు దొరికిపోయాడన్నమాట! ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

“వాణ్ణేం అనకమ్మా. తప్పంతా నాది, నేర్పింది నేను. ఆ డ్రమ్ము పారబోసెయ్యి, నేనేమీ అనుకోను. పొద్దున పదింటికి ఫోను మాత్రం చెయ్యనివ్వు. అదొక్కటీ ఆపకు తల్లీ.”

అవతల కృపావతి కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

“మా ఇంట్లో ఏ డ్రమ్మూ లేదంకుల్, రోజూ ఆ మెట్లు, లెక్క, వాసన ప్రశ్నలు రాసిచ్చింది నేనే.”