పొట్టి వీపుకు తగ్గ బ్యాగు

"మెడ వంచమ్మా," అన్నాడు వేట సామాన్ల కొట్టు ఆరిన్, కొలత టేపు చేతిలోకి తీసుకుని.

ట్వైలా వంచింది. మెడ వెనక ఉబ్బెత్తుగా తగిలే ఎముక దగ్గర టేపు ఆనించి నడుం ఎముకల దాకా లాగాడు. లాగేలోపే అయిపోయింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ కొలిచాడు.

"కాళ్ళేమో కొంగవి. వీపు మాత్రం జానెడు."

"దేవుడు కింద నుంచి మొదలుపెట్టాడు బాబాయ్. పైకొచ్చేసరికి సరుకు అయిపోయింది," అన్నాడు ట్వైలా తమ్ముడు డెల్, కౌంటరుకి చేరగిలబడి ఎండుమాంసం నములుతూ.

"నోర్మూసుకుని తిను," అంది ట్వైలా.

ఆమె నవ్వే స్థితిలో లేదు. తెల్లారితే ఎల్క్ దుప్పుల వేట మొదలు. పోయినేడు డెల్ పాత బ్యాగు తగిలించుకుని వెళ్ళింది. నడుం బెల్టు తొడల మీదకు జారింది. బ్యాగు వెనక నుంచి టోపీని కళ్ళ మీదకు తోసింది. ఇంత కొమ్ముల ఎల్క్ ఎదురుగా వచ్చి నిలబడితే పాపం ఆమెకు కనిపించింది టోపీ అంచు ఒక్కటే. ఆ ఎల్క్ నింపాదిగా గడ్డి మేసి, తన దారిన తను పోయింది. ఈ కథ మోంటానాలో సగం మందికి డెల్ చెప్పేశాడు. ఈసారి కూడా బ్యాగు కుదరకపోతే ట్వైలా డేరా దగ్గరే ఉండి అందరికీ బీన్స్ ఉడకబెట్టాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది.

ఆరిన్ ఒక ఆకుపచ్చ బ్యాగు తీసి, దాంట్లోకి ఇసుక సంచి దించి, ఆమె వీపుకి ఎక్కించాడు. ట్వైలా ముందుకు తూలింది.

"పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే బ్యాగుకి ఇంత బరువెందుకు బాబాయ్?"

"ఎల్క్ పడితే మొదటి విడత మాంసం దేంట్లో తెస్తావు? టోపీలోనా?"

టోపీ మాట రాగానే ట్వైలా నడుం బెల్టు బిగించుకుంది.

"అద్దం ముందు ఏ బ్యాగైనా బాగానే ఉంటుంది. కొండెక్కితే తెలుస్తుంది దాని సంగతి. వెనక బాట పట్టుకుని తిన్నగా మా ఇంటికెళ్ళు. మీ పిన్ని చూస్తుంది. నేను అమ్మేవాణ్ణే, అసలు కన్ను ఆవిడది. ఇసుక అక్కడే దించేసి ఖాళీగా దిగు. ఖాళీగా ఉన్నప్పుడు కూడా బ్యాగు వీపుని వదలకూడదు."

డెల్ నమలడం ఆపాడు. "వేటలో ఖాళీగా ఎక్కి బరువుతో దిగుతాం కదా. నువ్వు తిరగేసి చెప్తున్నావేంటి?"

"దిగేటప్పుడు ఎవడైనా దిగుతాడురా. ఎక్కేటప్పుడే బ్యాగు బుద్ధి బయటపడేది. అయినా నువ్వెందుకు ఊరికే నిలబడటం? నువ్వూ ఓ ఇసుక బ్యాగు తగిలించుకో."

"నాకెందుకు? నాది పొడుగు వీపు."

"పక్కన పొడుగు వీపు నడిస్తేనే గదా పొట్టి వీపు తేడా తెలిసేది."

ఆ మాటలో ఏదో శాస్త్రం ఉన్నట్టు తోచింది. డెల్ మిగిలిన మాంసం ముక్క జేబులో పెట్టుకుని వీపు అప్పగించాడు.

కొండ మీద ఆరిన్ భార్య వర్లీన్, మోకాళ్ళ దాకా బురద బూట్లతో, గుమ్మం దగ్గరే ఎదురొచ్చింది. పలకరింపులేమీ పెట్టుకోకుండా ట్వైలా భుజం పట్టీ కింద వేళ్ళు దూర్చి చూసింది.

"రెండు వేళ్ళు పడుతున్నాయి. ఇది కాదు తల్లీ. గోధుమరంగుది ఇమ్మను మీ బాబాయిని."

"నాకు బాగానే ఉంది పిన్నీ."

"ఇప్పుడు బాగానే ఉంటుంది. ఇవీ పెళ్ళికొడుకుల్లాంటివే, మొదటి గంటలో అందరూ మంచివాళ్ళే."

ఇసుక దించి కిందకు వచ్చారు. గోధుమరంగుదాంతో మళ్ళీ ఎక్కారు. నడుం బెల్టు ఒక వేలు కిందకు దిగిందని వర్లీన్ తేల్చింది. ఆకుల బొమ్మలది వీపు మధ్యలో గాలి ఆడనివ్వడం లేదంది. నల్లది మరీ ఆడనిస్తోందంది. ప్రతిసారీ ఇద్దరికీ చెరో బిస్కెట్టు ఇచ్చి, "ఇంకొక్కటి చూద్దాం," అని పంపించింది. ఆవిడ ఓపికకు ట్వైలా కరిగిపోయింది. డెల్ మాత్రం చెమటకు కరిగిపోయాడు.

ఆఖరికి ట్వైలాకు ఏడుపొచ్చింది. "నా వీపుకి బ్యాగు ఇంకా పుట్టలేదు పిన్నీ. ఆ బీన్సేవో ఉడకబెట్టుకుంటాలే."

వర్లీన్ ఆమె చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. మనసు కలుక్కుమన్నట్టుంది.

"ఆ మొదటి ఆకుపచ్చదాన్ని, భుజం పట్టీలు ఒక మెట్టు కిందకు దించి కట్టమను. నా మాట విను."

కిందకు వచ్చాక ఆరిన్ అలాగే దించి కట్టాడు. నడుం బెల్టు ఎముకల మీద బుద్ధిగా కూర్చుంది. వేలు కాదు కదా, వెంట్రుక కూడా దూరలేదు. ట్వైలా తుపాకీ ఎత్తినట్టు చేతులు పెట్టి, చెంప ఆనించి, అటూ ఇటూ తిరిగింది. టోపీ కదల్లేదు. ఆమెకు పట్టలేనంత సంతోషమేసింది.

"ఎంత శ్రద్ధ బాబాయ్ మీ ఇద్దరికీ. పట్నంలో అయితే డబ్బులు తీసుకుని బయటికి తోసేవాళ్ళు."

"మనుషుల వీపు చూసి వ్యాపారం చెయ్యాలమ్మా," అన్నాడు ఆరిన్ వినయంగా.

డెల్ నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి మానేశాడు.

"అక్కా, రేపు నువ్వెళ్ళు. బీన్స్ నేను ఉడకబెడతా."

ట్వైలా తమ్ముణ్ణి చంక కింద చెయ్యేసి లేపి, కొత్త బ్యాగు వీపు నుంచి దించకుండానే బండి నడుపుకుంటూ వెళ్ళిపోయింది.

బండి మలుపు తిరగ్గానే ఆరిన్ ఫోను మోగింది. అవతల వర్లీన్, "కొత్త గదికి ఇసుక సరిపోయింది, రేపు వచ్చేవాళ్ళ వీపున సిమెంటు ఎక్కించు," అంది.