తెరుచుకోని అంచులు

“ఇంకోసారి నొక్కు,” అన్నాడు ఆదికేశవన్.

పూంగొడి నొక్కింది. తెర ఒక్క క్షణం వెలిగి, మళ్ళీ అదే మాట చూపించింది. ఈ ప్రోగ్రాం నడవదు.

“మొన్నటిదాకా నడిచింది కదమ్మాయ్!”

“నిన్న సెక్యూరిటీ అప్‌డేట్ దిగింది ముదలాళీ. ఇంటర్నెట్‌లో దానంతటదే వచ్చేస్తుంది. మీ చీరల సాఫ్ట్‌వేరేమో పదహారేళ్ళనాటిది. దాన్ని దొంగ అనుకుంటోంది.”

“భద్రత కోసం వచ్చి మనవాణ్ణే గెంటేస్తుందా?”

“కొత్త వాచ్‌మన్‌ని పెట్టారనుకోండి. కార్డు లేదని మిమ్మల్నే గేటు బయట నిలబెట్టడూ?”

యజమానిగా ఆదికేశవన్‌కు కోపం రావాల్సింది. ఆసక్తి కలిగింది. కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాడు.

కాంచీపురం పిళ్ళైయార్‌పాళయంలో ఆ డిజైన్ గది ఆయన తండ్రి కట్టించింది. పొన్నురంగం నలభై ఏళ్ళుగా గీసిన అంచులూ కొంగులూ అన్నీ అక్కడున్న ఒకే ఒక్క కంప్యూటర్‌లో ఉన్నాయి. ఇవాళ అవి సూరత్ మరమగ్గాలకు అమ్ముడుపోవాలి. కొనడానికొచ్చిన హర్షద్‌భాయ్ వరండాలో కాఫీ తాగుతున్నాడు. తెరిచి చూపిస్తేనే బేరం. నాలుగింటికి ఆయన కారు కదులుతుంది.

పోయిన వారం పొన్నురంగం ఒక్కసారి అడ్డు చెప్పాడు. “ఈ అంచులు వాళ్ళ చేతికిస్తే దీపావళికల్లా ఇవే చీరలు సగం ధరకు దిగుతాయి. మన వీధిలో అరవై మగ్గాలు ఆగిపోతాయి ముదలాళీ.” ఆ తర్వాత మీ ఇష్టం అనేశాడు. ఇవాళ పొద్దున కంప్యూటర్ మొరాయించిందని చెప్పి, తమ నేతగాడి కూతురే అయిన పూంగొడిని రిపేరుకు పిలుచుకొచ్చిందీ ఆయనే.

“ఆ అప్‌డేట్‌ని పీకేస్తే?” అడిగాడు ఆదికేశవన్.

“పీకి చూశాను. వేళ్ళు ఉండిపోయాయి.”

“మరి?”

“పాత కంప్యూటర్‌లోనే ఉన్నట్టు దాన్ని నమ్మించాలి.”

“అంటే మోసం చేస్తావా?”

“చిన్న మోసమే ముదలాళీ.” ఆమె వేళ్ళు చకచకా కదిలాయి.

తెర మీద నెమలి బొమ్మ విచ్చుకుంది. ఆదికేశవన్ లేచి నిలబడ్డాడు. “కామాక్షీ!” అని పొన్నురంగం గట్టిగా దండం పెట్టాడు. అంతలో నెమలి మాయమైంది.

“వచ్చింది కదా! ఎందుకు పోయింది?”

“అదే నాకూ తెలియాలి,” అంది పూంగొడి.

“ఏం నేర్చుకున్నావే పిల్లా, నా పరువు తీస్తున్నావు!” కసిరాడు పొన్నురంగం.

“నువ్వు కాసేపు ఊరుకో తాతా. దండాలకు తెరుచుకునేదైతే నన్నెందుకు పిలిచావు?”

మూడున్నరకు హర్షద్‌భాయ్ లోపలికి తొంగిచూశాడు. “శేఠ్‌జీ, హార్డ్‌డిస్క్ ఊడదీసి ఇచ్చేయండి. మావాళ్ళు తెరుచుకుంటారు.”

“దీని తాళం ఈ మెషీన్‌కే కట్టి ఉంది భాయ్,” అంది పూంగొడి తల తిప్పకుండానే. “బయటికి తీస్తే వచ్చేది పిచ్చిగీతలే.”

ఇంకో అరగంట గడిచింది. హర్షద్‌భాయ్ గడియారం చూసుకున్నాడు. “ఆరణిలో ఇంకో పార్టీ కాచుకుని ఉంది. ఈ సీజనుకు వాళ్ళ డిజైన్లే తీసుకుంటా. ఏమనుకోకండి.”

కారు వెళ్ళిపోయింది. పొన్నురంగం దించిన తల ఎత్తలేదు.

“నువ్వేం చేస్తావు పెద్దాయనా,” అన్నాడు ఆదికేశవన్. “పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఇంటికెళ్ళు.”

బేరం పోయినా ఆయనకు కుతూహలం పోలేదు. ఒక చిన్న అప్‌డేట్ ఇంత పని చేస్తుందా? చెప్పులు వేసుకుని నేరుగా వీధి చివర కేబుల్ ఆఫీసుకు వెళ్ళాడు.

“ఏం సెల్వం, నీ ఇంటర్నెట్‌లోంచి నిన్న అప్‌డేటొకటి దిగి, మా డిజైన్ గదిలో కంప్యూటర్‌ని పడుకోబెట్టింది. మళ్ళీ రాకుండా ఆపడమెలాగో చెప్పు.”

సెల్వం రిజిస్టర్ తీశాడు. వేలు పెట్టి ఒకసారి చూశాడు. పేజీ తిప్పి మళ్ళీ చూశాడు.

“మీకున్నది ఒక్క కనెక్షనే కదన్నా, గాంధీరోడ్డు ఇంటికి. బొమ్మలు బయటికి పోతాయని మీ నాన్నగారు మమ్మల్ని ఆ గదివైపు రానిస్తేనా?”

“అయితే?”

“డిజైన్ గదికి మేం వైరు వెయ్యనేలేదన్నా.”