లిఫ్టు మేస్త్రీ జోకు

"ఏదీ, ఒక్కసారి నవ్వండమ్మా," అంది డాక్టరు.

మంచం మీదున్న ఆమె ప్రయత్నించింది. పెదవుల చివరలు కదల్లేదు, పై పెదవి ఒక్కటే లేచి పళ్ళు బయటపడ్డాయి.

"నన్ను చూస్తే కొన్నాళ్ళుగా ఇదే వరస డాక్టరుగారూ," అన్నాడు భర్త. "నా మీద పళ్ళు నూరుతోందనుకుని నేనూ మూతి ముడుచుకు తిరిగాను."

"అది కోపం కాదండీ, జబ్బు. నెత్తుట్లో ఒంటికి కాపలా కాయాల్సిన యాంటీబాడీలే దారి తప్పి కండరాల మీద పడ్డాయి. అందుకే నవ్వు రాదు, మాట ముద్దగా వస్తుంది, గుటక దిగదు. ఊపిరి దాకా పాకకముందే ప్లాస్మా, అంటే అవి కలిసున్న నెత్తుటి నీరు, మార్చేద్దాం."

భర్త లిఫ్టులు బాగుచేసే మేస్త్రీ. యంత్రమంటే ప్రాణం పెడతాడు. భార్య నెత్తురు ఒక గొట్టంలోంచి మిషన్లోకి వెళ్ళి గిర్రున తిరిగింది. ఎర్రటిది కొత్త ద్రవంతో కలిసి మళ్ళీ ఆమె ఒంట్లోకే చేరింది. తగువులమారి సరుకంతా ఉన్న పసుపుపచ్చ నీరు సంచిలోకి దిగింది. అతను రెప్ప వెయ్యడం మరిచిపోయాడు.

"మనిషిని ఆపకుండానే లోపలి మకిలంతా తోడేస్తోంది. దీన్ని కనిపెట్టినవాళ్ళ చేతులకి దణ్ణం పెట్టాలి సిస్టర్."

"తర్వాత పెడుదురు గానీ, ఆ గొట్టం మీంచి మోచెయ్యి తియ్యండి," అంది నర్సు.

రోజు విడిచి రోజు మిషన్ తిరిగింది. ఆమె వాలిన రెప్పలు లేచాయి. చెంచాడు నీళ్ళు దగ్గు రాకుండా దిగాయి. ఆ పూట అతను వరండాలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాడు. నవ్వు మాత్రం ఇంకా చూడలేదు.

చివరి రోజున డాక్టరు, "మీరే నవ్వించండి, చూద్దాం," అంది.

అతను గొంతు సవరించుకున్నాడు. మెట్లన్నీ ఎక్కి ఎనిమిదో అంతస్తులో చెడిపోయిన లిఫ్టు దగ్గరికి చేరాక, పనిముట్ల సంచి కిందే మర్చిపోయానని నాలిక కరుచుకున్న తన కథే చెప్పాడు. అది ఎప్పుడు చెప్పినా ఆమె పొట్ట పట్టుకుని నవ్వేది.

డాక్టరు నవ్వింది. నర్సు పగలబడి నవ్వింది. భార్య మాత్రం అతన్నే చూస్తూ ఉండిపోయింది. అతను డాక్టరు వైపు తిరిగాడు.

"అయితే వైద్యం పనిచెయ్యలేదా డాక్టరుగారూ?"

"బ్రహ్మాండంగా చేసింది," అంది మంచం మీంచి భార్య, ఖంగుమనే గొంతుతో. "ఇన్నాళ్ళూ మీరు నొచ్చుకుంటారని నవ్వాను గానీ, ఆ సంచి ఎనిమిది అంతస్తులూ మోసుకొచ్చింది నేనండీ."