జెల్ల చేప వాసన

నిరాహార దీక్ష నుంచి వచ్చిన మనిషి గుమ్మంలోనే త్రేన్చాడు.

పూజ గదిలో వత్తులు చేస్తున్న కన్యక చెయ్యి ఆగిపోయింది. పొద్దున 'జై తెలంగాణ' కండువా మెడలో వేసుకుని, "ఇయ్యాల రిలే దీక్షల మా వర్తక సంఘం వంతు. పొద్దుగూకే దాంక మంచినీళ్లే" అని చెప్పి పోయిన మొగుడు! మంచినీళ్లకు ఎవరికైనా త్రేన్పు వస్తుందా?

లేచి వెళ్లి ఆయన చొక్కా కాలరు పట్టుకుని వాసన చూసింది.

ఛీ. చేప!

అదీ మంచి చేప కాదు, జెల్ల. మే నెలలో కోమటి చెరువు అంచులన్నీ నెర్రెలు విచ్చి ఉన్నాయి. మిగిలిన కాసిని నీళ్లూ నడిమి గుంతలోనే. కొర్రమట్టలాంటి మంచి చేప ఆ గుంత అడుక్కు పోయి దాక్కుంటుంది, తెల్లవారుజామున తప్ప ఎర ముట్టదు. నడి ఎండలో గాలం వేసే తెలివితక్కువ వాడికి దొరికేది బురద కంపు కొట్టే ఈ దరిద్రపు జెల్లే. సిద్దిపేట చేపల బజారు వెనక సందులో పుట్టి పెరిగిన ముక్కు కన్యకది. పొరపాటు పడదు.

"ఏం తిన్నరు?"

"ఏం తింట? దీక్షల కూసున్నోన్ని..."

"మీసానికి ముల్లు అంటుకున్నది. తుడుసుకోండ్రి."

ముల్లూ లేదు, గిల్లూ లేదు. రామేశ్వర్ చెయ్యి మాత్రం చటుక్కున మీసం మీదికి పోయింది. ఏం తెలివి! అబద్ధమాడటం కూడా చేతకాని ఈ మనిషితో ఇన్నేళ్లు ఎట్లా వేగిందో ఆ దేవుడికే తెలియాలి.

ఇక దాచలేక మొత్తం కక్కాడు. బందుల పుణ్యమా అని బజారులో దుకాణాలు సగం రోజులు మూతే. ఎదురుగా సైకిళ్ల దుకాణం నడిపే నిస్సార్ గాలం పట్టుకుని చెరువు కట్టకు పోతున్నాడు. ఊసుపోక ఈయనా వెనకే. ఒకనాడు నిస్సార్ కట్ట మీదే మూడు రాళ్లు పెట్టి, ఉప్పూ కారం పూసి చేపలు కాల్చాడట. ఆ వాసనకు ఆగలేక ఈయన ఒక ముక్క నోట్లో వేసుకున్నాడట. ఇవాళయితే మరీ దర్జా. శిబిరంలో ఫొటో దిగి, ఇప్పుడే వస్తానని లేచి వెళ్లి కడుపారా తిని, మళ్లీ వచ్చి నీరసంగా కూర్చున్నాడట.

"జెల్లలు! ఎండకాలం జెల్లలు! గవి కాలవెట్టుకొని తిన్నరా? థూ! నాలుకనా, తాటిమట్టనా?"

"తప్పైంది కన్యకా. మెల్లగ మాట్లాడు."

"మెల్లగనా? మనది పూజ సామాన్ల దుకాణం. జెల్ల తిన్న చేత్తోని కర్పూరం పొట్లం కడితే ఎవలన్న కొంటరా? గీ ముచ్చట బయటవడ్డదంటే దుకాణం మూసుకునుడే. సంఘంల మన మొకం సూస్తరా?"

"అదే నా భయం గూడ. కట్ట మీదైతే నలుగురి కండ్ల పడ్తం. గందుకే నిస్సార్ అన్నడు, శుక్రారం సీద ఇంటికే రా సేట్, హుస్నాబీ మస్తు వండుతది అని."

కన్యక ముఖం పాలిపోయింది.

"ఎవలింటికి?"

"వాళ్లింటికే."

హుస్నాబీ నిస్సార్ భార్య. కన్యక జాకెట్లు కుట్టేది ఆమే. బిగుతనో, వదులనో వారం వారం ఏదో ఒక జాకెట్ చంకలో పెట్టుకుని కన్యక అక్కడికి పోక తప్పదు. పోయినా ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టదని బజారంతా మెచ్చుకుంటుంది. తిరిగి వచ్చాక తలస్నానం చేసి, లవంగం నోట్లో వేసుకుంటే గానీ ఎవరితోనూ పలకదు. అంత నిష్ఠ గల ఇల్లాలికి రాసిపెట్టిన మొగుడు ఈయన!

చెయ్యి పట్టి పూజ గదిలోకి ఈడ్చుకుపోయింది. వాసవమ్మ పటం ముందు దీపం ఆర్పి ఒట్టు పెట్టించింది. చేప ముట్టనని ఒక ఒట్టు. చెరువు కట్ట ఎక్కనని ఒక ఒట్టు. నిస్సార్ ఇంటి గడప తొక్కనని మూడోది. ఆ మూడోది రెండుసార్లు పెట్టించింది.

"ఇగ పోయి తానం చెయ్యండ్రి. ఇల్లంత కంపు."

శుక్రవారం మళ్లీ బందు. శిబిరంలో అనుకోకుండా సైకిళ్ల దుకాణాల వాళ్ల వంతు వచ్చి పడింది, విందు సంగతి వదిలేసి నిస్సార్ అక్కడ కూర్చున్నాడు. రామేశ్వర్ తిట్లు తిన్న పిల్లాడిలా ఇంట్లోనే పడుకుని పేపరు చదువుకుంటున్నాడు. ఆ మొహం చూస్తేనే కన్యకకు ఒళ్లు మండింది. ఒక జాకెట్ చంకలో పెట్టుకుని, తల మీదికి కొంగు లాక్కుని వెనక సందులోంచి నడిచింది. హుస్నాబీ ఇంట్లోకి వెళ్లి తలుపు గడియ పెట్టింది.

"మీ ఆయన మా ఆయనను తిననీకె పిలిచిండంట. నీకెరుకేనా?"

హుస్నాబీ కుట్టుమిషను ఆపింది. "అరె అల్లా! నాతోని ఒక్క మాట అనలే అక్కా. పాపం, మా ఆయనకేమెరుక?"

"ఇగ రాడు తియ్యి. ఒట్టు వెట్టిచ్చిన. ఒకయాల్ల వచ్చినా కడప దాటనియ్యకు."

"నా పానం పోయినా దాటనియ్య అక్కా."

"జెల్లలు తిన్నడంట, జెల్లలు! గదీ ఓ మనిషి జన్మేనా!"

హుస్నాబీ నవ్వాపుకుంటూ లేచి, ఎనిమిదేళ్లుగా కన్యక కోసమే మిషను వెనక గూట్లో దాచిపెట్టే పింగాణీ పళ్లెం తీసి తుడిచి, ఎప్పటిలాగే అందులో కొర్రమట్ట నడిమి ముక్క వేసి, పైన పులుసు పోసి ఆమె ముందు పెట్టింది.