చల్లారే దాకా

గేటు పక్క కుళాయి కింద తల్లి నీళ్ళ డబ్బా నింపుతోంది. ఆ నీళ్ళు అడగాల్సిన పికప్ బండి ఇంకా సందు మలుపే తిరగలేదు.

వరండాలో పాత రేడియేటర్‌కు మాటు వేస్తున్న భర్త తలెత్తి చూశాడు. ఆమె చప్పున మందార మొక్క వైపు తిరిగింది.

కాసేపటికి బండి వచ్చి సరిగ్గా గేటు ముందే ఆగింది. అల్లుడు దిగి బానెట్ లేపాడు. మళ్ళీ వేడెక్కింది అత్తయ్యా, కాసిని నీళ్ళు కావాలన్నాడు. ప్రతి వారం అనే మాటే.

కూతురు దిగి గేటుకు అవతలే నిలబడింది. తన మెకానిక్ షెడ్డులో పని నేర్చుకున్నవాణ్ణి తనకు చెప్పకుండా పెళ్ళి చేసుకుందని, గేటు దాటి లోపలికి రావద్దన్నాడు తండ్రి. బండికి నీళ్ళు ఇవ్వొద్దని మాత్రం అనలేదు.

వేడి మీదున్న రేడియేటర్ మూత వెంటనే తీయకూడదు. ఆవిరి మొహం మీదికి తన్నుకొస్తుంది. చల్లారే దాకా ఆగాల్సిందే. ఆ ఆగినంతసేపే తల్లీకూతుళ్ళది. తల్లి గేటు ఊచల్లోంచి చేయి చాపి కూతురి జడ సవరిస్తుంది, చిక్కిపోయావంటుంది. అల్లుడు బానెట్ దించబోతే, "ఉండు నాయనా, ఇంకా వేడి పోయినట్టు లేదు," అంటుంది. బండి వెళ్ళిపోయాక మళ్ళీ వారం దాకా ఆమె చేతికి ఏదో వెలితి.

బండికి ఏ జబ్బూ లేదని ఆమెకు తెలుసు. డబ్బాలో నీళ్ళు ప్రతిసారీ మందారానికే పోతాయి. అది గోడ దాటి పూస్తోంది.

ఈరోజు తండ్రి పని ఆపి లేచాడు.

"వారం వారం ఏమిటీ గోల? నా దగ్గర నేర్చుకున్నది ఇంతేనా?" అని భార్యను అడిగాడు.

"ఎండలో మీరెందుకు? అదే చల్లారుతుందిలెండి."

మూత తీశాడంటే గుట్టు బయటపడుతుంది. ఇక ఆ బండి ఈ సందు మొహం చూడదు.

ఆయన గుడ్డ భుజాన వేసుకుని, గేటు తీసుకుని బయటికి నడిచాడు.

బండి చాలా వేడిగా ఉందని అల్లుడు గొణిగాడు. ఆయన వినిపించుకోలేదు. గొట్టాల కింద వేలు రాసి చూసుకున్నాడు. పొడిగా ఉంది. రేడియేటర్‌కు అరచేయి ఆనించి, గుడ్డ వేసి మూత మెల్లగా తిప్పాడు. ఆవిరి రాలేదు. నీళ్ళు మూతి దాకా నిండుగా ఉన్నాయి.

కూతురు తల దించుకుంది. తల్లి ఊచను గట్టిగా పట్టుకుంది.

ఆయన ఆ నీళ్ళలోకి చాలాసేపు చూశాడు. తర్వాత మందారం వంక చూశాడు. మూత బిగించి, చేతులు తుడుచుకుంటూ భార్య వైపు తిరిగాడు.

"ఇది సాయంత్రం దాకా చల్లారదు," అన్నాడు. "లోపల కూర్చోమను."